బోలు మంచు

కొండ మీది స్కీ రిసార్టుకు నీళ్ళ బాధ్యతంతా ఒడీల్‌ది. సరస్సులోంచి నీరు తోడి గొట్టాల్లో పైకి పంపాలి, అక్కడి యంత్రాలు దాన్ని మంచుగా చిమ్మేలా చూడాలి, ఎక్కడ ఆపాలో చెప్పాలి. ఈ ఆఖరి పని కోసమే ఆమె ఒకప్పుడు యాజమాన్యంతో గట్టిగా పోట్లాడింది. నీటిమట్టం మరీ దిగిపోతే పంపులు కట్టేయాలని సరస్సు ఒడ్డువాళ్ళు ఊరి సభలో పట్టుబట్టినప్పుడు, జీతమిచ్చేవాళ్ళను కాదని వాళ్ళ పక్షాన నిలబడింది. చివరికి రేవు దగ్గరి బండకు ఎర్ర గీత గీశారు. కొండపైన చెరువు తవ్వి శరదృతువు వాననీటితో నింపుకుంటామని, అప్పుడు చలికాలంలో సరస్సు జోలికే రానక్కర్లేదని రిసార్టువాళ్ళు మాట కూడా ఇచ్చారు. ఆ చెరువు ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు వాన కురిసి కొండ మీది మంచంతా కొట్టుకుపోయింది. జనవరిలో యంత్రాలు రాత్రింబగళ్ళు నడిపి మళ్ళీ కప్పితే, మళ్ళీ వానొచ్చి కడిగేసింది. ఫిబ్రవరి ఆఖరుకు గాని గట్టి చలి దిగలేదు. అప్పటికే నీళ్ళు ఎర్ర గీతకు చేరాయి. వారం తిరిగేసరికి బడి సెలవులు. మాంట్రియల్ నుంచి కుటుంబాలు వచ్చేది అప్పుడే. ఊళ్ళో సగం పొయ్యిలు వెలిగేది ఆ రాబడితోనే.

మేనేజరు గిలాన్ పంపుల గదికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. అతని అక్క రిసార్టు క్యాంటీన్లోనే వంట చేస్తుంది. కోప్పడలేదు, బెదిరించలేదు. కొండ తెరవకపోతే ఎవరెవరు ఇంటికి పోవాలో పేరుపేరునా చెప్పుకొచ్చాడు. ఆ పేర్లన్నీ ఒడీల్‌కు చిన్నప్పటినుంచీ తెలిసినవే.

"ఆ గీత గీయించింది నువ్వే, కాదనను. రెండ్రోజులు అటు చూడకు, అంతే. ఈ చలి పోతే మళ్ళీ రాదు."

"కింద నీళ్ళు తోడేస్తే సరస్సు మీద పేరుకున్న మంచుగడ్డని ఏది మోస్తుంది గిలాన్? దానిమీద జనం తిరుగుతున్నారు."

"అయితే ప్రమాదమున్న చోట జెండాలు పాతు. ఎక్కడ పాతాలో నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

ఆ మాట ఆమెకు నచ్చింది. తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చి బాధపెట్టింది కూడా అదే. గొట్టం నీళ్ళు పీల్చేది తూర్పు మూలన. నీటి కదలికకు అక్కడ మంచు పలచబడుతుంది. ఆ మూలంతా ఎర్ర జెండాలు పాతి, మంచుగడ్డ మీదే గుడిసెలు వేసుకుని చేపలు పట్టేవాళ్ళను ఖాళీ చేయించాలనుకుంది. పంపులు ఆగలేదు.

ఆ మూలన గుడిసె వేసుకున్నవాళ్ళలో ఆమె బాబాయి రొజేర్ ఒకడు. తండ్రి పోయాక ఆమెను పెంచిందీ, గాలం వేయడం నేర్పిందీ అతనే. ఒడీల్ వెళ్ళేసరికి చిన్న పొయ్యి మీద పంది మాంసం వేయిస్తూ, మంచులో తొలిచిన కన్నం మీద ఒక కన్నేసి కూర్చున్నాడు.

"బాబాయ్, గుడిసె ఇక్కణ్ణుంచి తీసెయ్యాలి."

"ఏమే, నీ కొండకి ఇంకా దాహం తీరలేదా?"

"రెండ్రోజులే."

"తాగేవాళ్ళందరూ అనేది అదే. సరే, ఎక్కడికి పొమ్మంటావ్?"

పడమటి ఒడ్డు చూపించింది. పొద్దున తానే బర్మాతో తొలిచి చూసింది. అక్కడి మంచు మోచేతి పొడుగు మందం ఉంది.

"అక్కడి చేపలు మీ గిలాన్ లాంటివే పిల్లా. నోరు తెరుస్తాయి గాని గాలానికి చిక్కవు" అని నవ్వాడు. మళ్ళీ ఏమీ అడగకుండా పొయ్యి ఆర్పాడు. గుడిసెను మంచుబండికి కట్టి ఇద్దరూ కలిసి అటు లాక్కెళ్ళారు.

రెండ్రోజులన్నవి వారమయ్యాయి. చలి వదల్లేదు, ఆపమని ఎవరూ అనలేదు. ఒడీల్ రోజూ బండ వైపు చూసేది. గీత నీటికి మొదట బెత్తెడు ఎత్తున, తర్వాత ఆమె నడుమెత్తున కనిపించింది. రోజూ చూసిందే చూస్తుంటే భయం కూడా అలవాటైపోయింది. కొండ మాత్రం తెల్లగా నిండింది. సెలవులు మొదలైన శనివారం వాలు పొడుగునా పిల్లల కేకలే.

ఆ మధ్యాహ్నం పిన్ని ఉగెట్ ఫోన్ చేసింది. సూప్ చల్లారిపోతోందట, ఆయనింకా రాలేదట, ఫోనూ ఎత్తడం లేదట.

ఒడ్డు మలుపు తిరగ్గానే ఒడీల్‌కు గుడిసె కప్పు ఒరిగి కనిపించింది. ఆ పక్కన సరస్సు అడుగంతా రాళ్ళే. నీళ్ళు దిగినా మంచుగడ్డ వాటితో దిగలేదు. రాళ్ళ నెత్తిన ఆనుకుని పైనే నిలిచిపోయింది. దాని కింద మనిషి వంగి నడిచేంత బోలు. ఆమె తొలిచి చూసిన రోజున మందం నిజమే, కింద నీళ్ళూ ఉన్నాయి. తర్వాత మందం మాత్రమే మిగిలింది.

రొజేర్ పడింది నడుము లోతు నీళ్ళలోనే. విరిగిన మంచు పలక కాళ్ళ మీద పడి కదలనివ్వలేదు. అంచు పట్టుకుని గీకి గీకి చేతి తొడుగుల వేళ్ళు చిరిగిపోయాయి. పిలిచే ఉంటాడు. కొండ మీద పాటలు మోగుతున్నాయి, ఎవరికీ వినబడలేదు. ఒడీల్ పొట్టమీద పాక్కుంటూ వెళ్ళి ఆ చేయి పట్టుకుంది. బిగుసుకుపోయి ఉంది. అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి విడదీసేదాకా వదల్లేదు.

అక్కణ్ణుంచి తిన్నగా పంపుల గదికి వెళ్ళి అన్నీ కట్టేసింది. గిలాన్ గుమ్మంలో నిలబడి చూశాడు, అడ్డుపడలేదు.

ఎండకు మంచు పలచబడి సెలవులు సగంలో ఉండగానే కొండ మూతపడింది. పోలీసులు అడిగితే, ఆ చోటు తానే చూపించానని ఒడీల్ చెప్పింది. వాళ్ళు ప్రమాదమని తేల్చి వెళ్ళిపోయారు. ఊరు అంత తేలిగ్గా తేల్చలేదు. కొట్లో గిలాన్ అక్క ఆమె మొహం మీదే అంది: "ఆపితే మొదట్లోనే ఆపాల్సింది. లేదంటే ఆఖరుదాకా నడపాల్సింది. నువ్వు రెండూ చెడగొట్టావ్."

ఆ వేసవిలో కొండపైన చెరువు తవ్వారు. అందుకు ఒక మనిషి పోవలసి వచ్చింది. గిలాన్ ఊరు విడిచి వెళ్ళాడు. ఒడీల్ ఉద్యోగం మానలేదు. ఎలా చేయగలుగుతున్నావని అడిగినవాళ్ళకు, ఆ పంపులు ఇంకొకళ్ళకు అప్పగించలేనని మాత్రం చెప్పేది.

డిసెంబరులో సరస్సు గడ్డకట్టిన మర్నాడు పిన్ని ఇంటికి వెళ్ళింది, కట్టెలు కొట్టి పెడదామని. అంత్యక్రియల తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఉగెట్ తలుపు తీసి, పక్కకు తప్పుకుంది.

"కూర్చోండి. కాఫీ పెడతాను."

ఒడీల్ కోటు విప్పబోయి ఆగింది. "పిన్నీ, నేనే."

"తెలుసు" అంది ఉగెట్ పొయ్యి వైపు తిరిగి. "పాలు వేసుకుంటారా?"

వేసుకుంటానంది. ఇద్దరూ కాఫీ తాగారు. తర్వాత ఒడీల్ పెరట్లోకి వెళ్ళి, చీకటి పడేదాకా కట్టెలు కొట్టి గోడవారన పేర్చింది.