మిషన్ చెప్పులు

వీధిలో అందరిళ్ళకూ కరెంటు పని చేసేది ఆమె మొగుడే. ఎవరింట్లో స్విచ్చి చిటపటలాడినా పరుగున వెళ్తాడు. "తడిచేత్తో ముట్టుకోవద్దమ్మా, ఎర్త్ లేకుండా మిషన్ వాడొద్దమ్మా" అని బుద్ధులు చెప్పి, వాళ్ళిచ్చిన టీ తాగి మరీ వస్తాడు. సొంతింట్లో బట్టలుతికే మిషన్ మాత్రం కొన్న కొత్తల్లోంచీ ముట్టుకుంటే జివ్వుమంటోంది. అడిగితే "ఆదివారం చూస్తాలే" అంటాడు. ఆ ఆదివారం ఏ క్యాలెండర్లోనూ రాలేదు.

అందుకని ఆ ఇంట్లో ఒక ఆచారం పుట్టుకొచ్చింది. మిషన్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు. వాటికి మిషన్ చెప్పులని పేరు. అవి తొడుక్కోకుండా ఎవరూ మూత ఎత్తకూడదు. చుట్టాలొస్తే అత్తగారు అదేదో వంశ గౌరవమన్నట్టు, "మావాడి ఏర్పాటు" అని చూపించి మురిసిపోయేది. కోడలికి ఒళ్ళు మండేది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టడమే గాని లాభం లేకపోయింది.

ఆ ఉదయం బడికి ఆలస్యమవుతోందని కూతురు స్నానం చేసిన తడికాళ్ళతోనే పరుగెత్తి, మిషన్లోంచి యూనిఫాం తీయబోయింది. కెవ్వున కేక. తల్లి వచ్చేసరికి పిల్ల గోడవార పడి గజగజ వణుకుతోంది. ఆసుపత్రిలో డాక్టరు గుండె పరీక్ష చేసి, "కరెంటు విసిరేసింది కాబట్టి బతికింది. చెయ్యి అతుక్కుపోయుంటే మనం మాట్లాడుకోవడానికేమీ మిగిలేది కాదు" అన్నాడు.

మొగుడు హడావిడిగా ఇల్లు చేరి, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పిల్ల చేతివేళ్ళకున్న కట్టు చూశాడు.

"చెప్పులేసుకోలేదా తల్లీ? ఎన్నిసార్లు చెప్పాను?"

ఆమె పిల్లని తన వెనక్కి లాక్కుంది. "పిల్లదా తప్పు? ఊళ్ళోవాళ్ళకి ఎర్తూ, నీ కూతురికి చెప్పులూనా?"

"అరవకు, పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ! నీ పనితనం అందరూ విననీ!"

"వాడసలే అలిసిపోయి వచ్చాడే..." అంటూ అత్తగారు అడ్డొచ్చింది.

"మీరు మాట్లాడకండి అత్తయ్యా. దాన్ని పాడె మీద పడుకోబెట్టేవాళ్ళం ఇవాళ!"

అతను మెయిన్ ఆపి, ప్లగ్గు సాకెట్టు విప్పాడు. ఎర్త్ తీగ ఎక్కడా బిగించకుండా లోపల మడిచిపెట్టి ఉంది. మడిచింది అతనే. మిషన్ లోపల తొడుగు ఊడిన తీగ ఒకటి రేకుకు తగులుతోంది. సాయంత్రానికల్లా ఆ తీగ మార్చి, ఎర్త్ బిగించి, కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే బ్రేకరు కూడా పెట్టాడు. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన పని ఒక్కపూట పని. అది తలుచుకుంటే ఆమెకు కోపం రెట్టింపైంది.

అతను ఒట్టికాళ్ళతో నిలబడి మిషన్ మీద అరచెయ్యి ఆనించాడు. "చూశావా, ఏమీ లేదు. రా తల్లీ."

పిల్ల కదల్లేదు. "నువ్వు కరెంటు పనివాడివి కదా నాన్నా, నీకు కొట్టదు. అమ్మని పెట్టమను."

ఆమె చెయ్యి చాపింది. జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు పోలేదు.

"నేనే బాగుచేశాను కదే. నమ్మవా?"

"నమ్మను. ఇంకో మనిషిని పిలిచి చూపిస్తాను. అతను సరేనన్నాకే ముట్టుకుంటాం."

"నా ఇంటికి ఇంకొకడా? నలుగురిలో నా పరువేం కావాలి?"

"పిల్ల పడిపోయినప్పుడు గుర్తురాని పరువు ఇప్పుడొచ్చిందా?" ఆమె ఫోను తీసింది. "మంచి పనివాడెవడో నీకే తెలుసు. నంబరు చెప్పు."