ఆరో ప్రశ్న

పెళ్లయి మూడు నెలలు నిండలేదు కాబట్టి సూదిపిల్లకి లోకంలో ప్రతిదీ ముద్దుగానే ఉంది. వంటింటి కిటికీలోంచి పొద్దున్నే గట్టుమీద పడే ఎండ ముద్దుగా ఉంది. తలుపు వెనక ఒకే కొక్కానికి తన గొడుగూ భర్త గొడుగూ భుజాలు రాసుకుంటూ వేలాడడం ముద్దుగా ఉంది. ఆఖరికి అతను సబ్బు మీద వెంట్రుకలు వదిలేసి వెళ్లినా, "చూశావా, ఎంత పరధ్యానమో!" అని మురిసిపోయేది.

సూదిపిల్ల అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. విదేశాలకి వెళ్లినవాళ్లు అక్కడ జబ్బుపడితే ఆసుపత్రి ఖర్చు భరించే ఇన్సూరెన్స్ కంపెనీలో ఆమె ఉద్యోగం. ఎక్కడో పరాయిదేశంలో ఎవరో కూలబడతారు. అక్కడి ఆసుపత్రి రాసిన కేస్‌షీట్ ఆమె కంప్యూటర్‌కి వస్తుంది. ఆ మనిషి బయల్దేరేముందు నింపిన ఫారాన్ని ఎడంపక్కా, కేస్‌షీట్‌ని కుడిపక్కా పెట్టుకుని చదవాలి. ఫారంలో "ఏ జబ్బూ లేదు" అని ఉండి, కేస్‌షీట్‌లో ఏ మూలో "ఐదేళ్లుగా షుగరు" అని ఒక్క ముక్క కనిపించిందా, ఇక గ్యారంటీ లెటర్ వెళ్లదు. "వైద్యం చెయ్యండి, డబ్బు మేం కడతాం" అని కంపెనీ ఆసుపత్రికి ఇచ్చే మాట ఆ లెటర్. గడ్డివాములో సూదిలాంటి ఆ ఒక్క ముక్క ఎంతమంది కళ్లు తప్పించుకున్నా ఆమె కంట పడేది. అందుకే ఆ పేరు. ఆమెకీ ఆ పేరంటే గొప్పే.

"అబద్ధాలు రాసి ఏం బావుకుంటారో!" అనేది పక్క టేబులాయనతో. "చేతులారా తెచ్చుకోవడం కాకపోతే."

"నీకు పెళ్లయింది కొత్తగా కదమ్మా, అలాగే ఉంటుంది," అనేవాడాయన. ఆయనకి పెళ్లయి ఇరవై రెండేళ్లు.

మావయ్య ముప్పై ఎనిమిదేళ్లు బడిలో భూగోళం చెప్పి, ఒక్క దేశమూ చూడకుండా రిటైరయిన మనిషి. ఆయన్నీ అత్తయ్యనీ పదిరోజుల టూరుకి పంపుదామని కొడుకు సరదాపడ్డాడు. పాలసీ పని సూదిపిల్ల నెత్తిన వేసుకుంది. వాళ్ల కంపెనీలో ఒక పద్ధతుంది. ఆఫీసు మనిషి ఎదురుగా కూర్చుని, ప్రశ్నలన్నీ చదివి వినిపించి, జవాబులు రాసి, కింద "చదివి వినిపించాను" అని సంతకం పెడితే, ముందస్తు డాక్టరు పరీక్ష అక్కర్లేదు. ఇంట్లోనే ఆఫీసు మనిషి ఉండగా ఇక పరీక్షలెందుకు?

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నలుగురూ భోజనాల టేబుల్ దగ్గరే కూర్చున్నారు. కళ్లజోడు లేకపోయినా ముక్కుమీద కళ్లజోడు ఉన్నట్టు నటిస్తూ సూదిపిల్ల మొదలుపెట్టింది.

"అయిదో ప్రశ్న. ప్రాణాపాయం ఉన్న పనులేమైనా చేస్తారా? కొండలెక్కడం, విమానంలోంచి దూకడం..."

"మీ మావయ్యతో ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాను. రాసుకో," అంది అత్తయ్య.

"అదేదో నా ఫారంలోనే ముందు రాయమ్మా," అన్నాడు మావయ్య.

భర్త టేబుల్ మీద దరువేసి మరీ నవ్వాడు. నవ్వీ నవ్వీ సూదిపిల్ల పెన్ను మూత ఎక్కడో పడేసుకుంది.

"ఉండండి, ఉండండి. ఆరోది. గత నాలుగేళ్లలో గుండెకిగానీ, రక్తపోటుకిగానీ, షుగరుకిగానీ మందులు వాడారా?"

"మోకాళ్లకి నూనె రాసుకుంటాను. అది కూడా మందేనా?" అన్నాడు మావయ్య.

"కాదు మావయ్యా. మీకు లేదు. మరి అత్తయ్యకి?"

అత్తయ్య ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ, తలెత్తకుండానే అంది. "నాకేం రోగమే? గుండ్రాయిలా ఉన్నాను. లేదని కొట్టు."

సూదిపిల్ల కొట్టింది. మావయ్య ఏదో అనబోయి దగ్గాడు. దగ్గుని దగ్గే అనుకుంది సూదిపిల్ల. పరాయివాళ్ల కాగితాల్లో చీమ నడిచినా పట్టుకునే పిల్ల, సొంతింట్లో ఏనుగు నడిచివెళ్తే చూడలేదు. చూడ్డానికి ఆమె అప్పుడు పనిలో లేదు, సంతోషంలో ఉంది.

వాళ్లు టూరుకి వెళ్లిన ఏడోరోజు పొద్దున పదిగంటలకి ఆఫీసులో ఉండగా అతని ఫోను వచ్చింది.

"అమ్మ పడిపోయింది. అక్కడేదో మ్యూజియం దగ్గర లైన్లో నిలబడి ఉండగానే. అంబులెన్సులో తీసుకెళ్లారట. గుండె రక్తనాళం పూడిపోయిందట. స్టెంట్ వెయ్యాలట. మీ ఆఫీసు నుంచి లెటర్ వస్తేనే లోపలికి తీసుకెళ్తామంటున్నారు. త్వరగా పంపించు."

"ఇదిగో, ఇప్పుడే. మీరు కంగారుపడకండి. నేనున్నానుగా," అంది సూదిపిల్ల. నేనున్నాను అనడంలో ఎంత ధైర్యమో! తను చదివిన చదువూ, చేస్తున్న ఉద్యోగమూ ఈ ఒక్కరోజు కోసమే అనిపించింది.

సొంతవాళ్ల కేసు తను చూడకూడదు. అది రూలు. కేస్‌షీట్ పక్క టేబులాయనకి వెళ్లింది. ఆయన చదువుతుంటే ఈమె ఆయన మొహం చదువుతూ కూర్చుంది. రెండో పేజీలో ఆయన వేలు మౌస్ మీద ఆగిపోయింది.

"ఏముంది?"

"నువ్వు చూడకూడదమ్మా."

"అన్నయ్యా, చెప్పండి."

ఆయన లేచి, మంచినీళ్లకని వెళ్లాడు. స్క్రీన్ మాత్రం ఆమెవైపు తిప్పి వెళ్లాడు.

"రోగికి మూడేళ్లుగా గుండెజబ్బు. రోజుకి రెండు మాత్రలు. మాత్రల అట్ట భర్త చూపించాడు."

ఆమె మెట్లమీదికి వెళ్లి అతనికి ఫోన్ చేసింది.

"అత్తయ్య గుండెకి మాత్రలు వేసుకుంటున్నట్టు మీకు తెలుసా?"

"ఇప్పుడదా ముఖ్యం?"

"తెలుసా, తెలీదా?"

"తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు చెప్పలేదు. రోగిష్టి అత్తకి చాకిరీ చెయ్యడానికి పిల్లని అడుగుతున్నారని మీవాళ్లు అనుకుంటారని అమ్మ భయం. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం..."

"మరి ఫారం రాసినప్పుడు?"

"నీ ఎదురుగా ఎలా చెబుతుంది? నువ్వు కాకుండా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగుంటే చెప్పేసేదే."

సూదిపిల్ల మెట్టుమీద కూర్చుంది. నిజమే. ఏ గుమాస్తా ముందైనా నిజం చెప్పే మనిషి, కోడలి ముందు మాత్రం గుండ్రాయిలా ఉండాలనుకుంది. కోడలు ఫారం నింపడమే మహాపరాధం అయిపోయింది.

సూపర్‌వైజర్ మేడమ్ గది అద్దాల గది. లోపలి మాట బయటికి వినపడదుగానీ, మొహాలు అందరికీ కనిపిస్తాయి. ఆవిడ ఫారం ముందుపెట్టుకుని కూర్చుంది.

"ఇది నింపింది నువ్వు. ఆరో ప్రశ్న అడిగావా?"

సూదిపిల్ల నోరు తెరిచేలోగా ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగు. ముందు విను. నువ్వు అడిగావనుకో, ఆవిడ అబద్ధం చెప్పినట్టు. పాలసీ చెల్లదు. లెటర్ వెళ్లదు. నువ్వు అడక్కుండానే లేదని కొట్టేశావనుకో, అది మన మనిషి తప్పు. మన తప్పుకి కంపెనీ కట్టి తీరాలి. ఇప్పుడే లెటర్ పంపిస్తాను. కానీ నీకు ఇక్కడ ఇవాళే ఆఖరిరోజు. రికార్డులో ఎక్కుతుంది కాబట్టి ఇంకే ఇన్సూరెన్స్ ఆఫీసూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. అక్కడ వాళ్లు రెండు గంటలే ఆగుతారు. ఇప్పుడు చెప్పు."

అద్దం అవతల పక్క టేబులాయన ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇదే కుర్చీలో కూర్చుని ఎన్నిసార్లు, "లేదు మేడమ్, ఇది స్పష్టంగా అబద్ధం" అని చెప్పిందో సూదిపిల్లకి లెక్కలేదు. ఆ అబద్ధాల వెనక కూడా ఎవరో ఒకరికి భయపడిన మనుషులే ఉండేవాళ్లు కాబోలు. ఎప్పుడూ తట్టలేదు.

"అడగలేదు మేడమ్."

"ఏది?"

"ఆరోది. కబుర్లలోపడి... నేనే లేదని కొట్టేశాను."

మేడమ్ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తెల్లకాగితం ఒకటి ముందుకి తోసింది. "రాసివ్వు." రాశాక చదువుకుని, మడతపెట్టింది.

"అబద్ధాలు పట్టుకోవడంలో నిన్ను మించినవాళ్లు లేరు. చెప్పడంలో మాత్రం బొత్తిగా పనికిరావు," అని కంప్యూటర్ వైపు తిరిగింది.

లెటర్ వెళ్లింది. స్టెంట్ పడింది. సాయంత్రానికి మావయ్య ఫోన్లో ఏడుస్తూ, "కళ్లు తెరిచిందమ్మా, టీ అడిగింది" అన్నాడు. టేబుల్ సొరుగులోని దువ్వెనా, చిన్న అద్దమూ, పెళ్లిఫోటో సంచీలో వేసుకుని సూదిపిల్ల ఇంటికొచ్చింది. ఆఫీసులో ఏం రాసిచ్చిందో విని అతను ఆమెని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నువ్వు లేకపోతే మా అమ్మ లేదు," అన్నాడు. ఉద్యోగం పోతే పోయింది. ఈ ఇంట్లో తనకి చోటు గట్టిపడిందనుకుంది. తను ఏం చేసిందో ఆ టేబుల్ చుట్టూ కూర్చున్న ముగ్గురికీ తెలుసు. అది చాలు.

వాళ్లు తిరిగొచ్చిన వారానికి కంపెనీ నుంచి అత్తయ్య పేర ఉత్తరం వచ్చింది. మంచి దళసరి కాగితం. "మా ఉద్యోగి మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న అడగకుండా అశ్రద్ధ చేసినందువల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." అత్తయ్య దాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి చదివినప్పుడు కోడలివైపు చూసి, చూపు దించుకుంది. రెండోసారి నిట్టూర్చింది. మూడోసారి చదివాక బీరువాలో పెట్టుకుంది.

పరామర్శకి ఎవరొచ్చినా బీరువా తలుపు తెరుచుకునేది. నెల తిరిగేసరికి ఉత్తరం మడతల దగ్గర చిరుగుపట్టింది. సూదిపిల్ల ఆ నెలలో రెండు ఆఫీసులకి వెళ్లింది. రెండుచోట్లా పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారని అడిగారు. చెప్పాక, రెండుచోట్లా మంచినీళ్లిచ్చి పంపించారు.

ఆరోజు మావయ్యగారి అక్క వచ్చింది. కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, మొత్తానికి చదివింది.

"ఏమ్మాయ్, అంత చదువు చదివావు. ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదా? కాస్తలో నిండుప్రాణం పోయేది."

సూదిపిల్ల టీకప్పుల పళ్లెం ఆవిడ ముందు పెట్టింది. మావయ్య చదివేసిన పేపరే మళ్లీ విప్పాడు. అతను కుర్చీ చేతిమీద గోటితో గీతలు గీస్తున్నాడు.

అత్తయ్య అంది. "పోనీలెండి వదినా, చిన్నపిల్ల. నేనైతే చెబుదామనే కూర్చున్నాను. అడిగితేగా!"

సూదిపిల్ల అతనివైపు చూసింది. అతను గీతలు గీయడం ఆపి, "అత్తా, టీ చల్లారిపోతుంది," అన్నాడు.

వంటింట్లోకి అతన్ని పిలిచింది. గొంతు పెరగకుండా గట్టు పట్టుకుని అడిగింది.

"ఒక్క మాట చెప్పండి వాళ్లకి. నేను అడిగానని."

"పిచ్చా? ఊళ్లో నలుగురికీ తెలిస్తే కంపెనీ డబ్బు వెనక్కి కక్కించదూ? పైగా నువ్వే రాసిచ్చావుగా."

"సరే, ఊళ్లోవాళ్లకి వద్దు. మీ అమ్మతో ఒక్కసారి అనండి. నాలుగ్గోడల మధ్య. 'అమ్మా, అది అడిగింది, నువ్వే లేదన్నావు' అని. ఆవిడ ఊ అంటే చాలు నాకు."

"ఆవిడ గుండె సంగతి తెలిసీ మాట్లాడుతున్నావా? ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. అడిగితే మళ్లీ ఏమైనా అయితే?"

"పోనీ, మీరు నాతో అనండి."

"ఏమని?"

"నేను అడిగానని."

అతను ఆమె భుజంమీద చెయ్యివేశాడు. మంచివాడు. ప్రేమగానే వేశాడు. కొంచెం ఆలోచించాడు కూడా.

"ఏమోనే. అప్పుడందరం గోలగోలగా నవ్వుకుంటున్నాం కదా. ఇప్పుడు ఆలోచిస్తే... నిజం చెప్పాలంటే నాకూ సరిగ్గా గుర్తులేదు."

హాల్లోంచి పెద్దావిడ కేక వినిపించింది. "ఏమ్మాయ్! ఇంతకీ టీలో చక్కెర ఎంత వెయ్యాలో ఎవర్నైనా అడిగావా, దానికీ నువ్వే టిక్కు కొట్టేశావా?"

గొల్లున నవ్వారు. మావయ్య నవ్వాడు. వంటింట్లో నిలబడే అతనూ ముసిముసిగా నవ్వాడు. వాళ్లందరి నవ్వునీ మించి అత్తయ్య నవ్వు వినిపించింది, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వే నిండు నవ్వు. సూదిపిల్ల చెవిపెట్టి విన్నది. ఆ నవ్వులో ఎక్కడా ఆయాసం లేదు. స్టెంట్ బాగా పనిచేస్తోంది.