పచ్చి సున్నం

1949 మార్చి ఇరవై ఆరున పొద్దున రామనర్సయ్య తిన్నది జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. వంటింటి కప్పు నుంచి నల్లని మసి పెళ్ల ఒకటి రాలి కూతురు జంగమ్మ కంచంలో పడింది కాబట్టి ఆ తేదీ ఆయనకు గుర్తుండిపోయింది. ఆరేళ్ల పిల్ల దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి మళ్లీ తినసాగింది. ఆయనే కంచం ముందునుంచి లేచాడు.

భార్య పోయి రెండేళ్లు దాటింది. సూర్యాపేటలోని ఆ ఇంటికి అప్పటినుంచి సున్నం లేదు. మొదటి ఉగాదికి మైల. రెండోదానికి ఊళ్లో రజాకార్ల గడబిడ. మొన్న దసరాకు వచ్చిన అత్తగారు నర్సమ్మ గోడల వంక చూసి, వచ్చే ఉగాదికీ ఇల్లు ఇట్లాగే ఉంటే పిల్లను తన ఊరు పెన్‌పహాడ్ తీసుకుపోయి తానే పెంచుకుంటానని చెప్పింది. ఆమె ఊరికే అనే మనిషి కాదు. పండుగ ముందురోజు బండి కట్టించుకొని వస్తున్నానని కబురు కూడా పంపింది. పొద్దంతా బడిలో ఊరి పిల్లలకు ఎక్కాలు చెప్పి, తన పిల్ల లేని ఇంటికి సాయంత్రం ఎట్లా రావడమో రామనర్సయ్యకు తోచలేదు.

ఇక నాలుగే రోజులు. సున్నం వేసే మైసయ్యేమో మిర్యాలగూడలో బియ్యం మిల్లు పనికి పోయి పది రోజులైనా రాలేదు. బజారులో సున్నం దొరకలేదు. మరునాడు రామనర్సయ్యే కోదాడ వెళ్లి, మేళ్లచెరువు వైపు బట్టీలో కాల్చిన సున్నపురాయి రెండు తట్టలు లారీ మీద వేయించుకొచ్చాడు. డ్రైవరు పిలిచి ముందు సీట్లో చోటివ్వడం ఒక్కటే ఆ రోజు దక్కిన సుఖం.

సున్నపురాయిని గుంత తవ్వి నానబెడతారు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన ఆయనకు గుంత దండగ అనిపించింది. ఎదురుగా కనబడ్డ కుండలో రాళ్లు వేసి నీళ్లు పోశాడు. అది ఉగాది పచ్చడి కోసం కుమ్మరి ఇంటినుంచి తెచ్చిన కొత్త కుండ. రాళ్లు బుసబుసమని పొంగాయి, పొగలు కక్కాయి, కుండ నిలువునా పగిలింది. తెల్లని వేడినీళ్లు ఆయన చేతిమీదుగా వాకిట్లోకి పారాయి. దూరంగా నిలబడ్డ జంగమ్మ చప్పట్లు కొట్టి, మళ్లీ చెయ్యి నాయినా అంది. చెయ్యి మండుతున్నా నవ్వొచ్చింది ఆయనకు.

మిగిలిన రాళ్లు పాత ఇనుప తొట్టిలో ఒక్క రాత్రి నాని, తెల్లారేసరికి గోడలెక్కాయి. ఆ పూట ఇల్లు వెన్నెలలా ఉంది. పండుగ ముందురోజు, మంగళవారం, ఎండెక్కేసరికి గోడల నిండా పొక్కులు లేచి, చిటపటమని పేలి, పెళ్లలుగా రాలడం మొదలైంది. ఆయన కుంచెతో ఒకచోట అద్దుతుంటే పక్కన ఊడుతోంది. కుంచెను విసిరికొట్టి, మళ్లీ తానే పోయి తెచ్చుకున్నాడు.

అప్పుడే బండి వచ్చి ఆగింది. నర్సమ్మ లోపలికొచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"ఎన్ని దినాలు నానబెట్టినవ్, అల్లుడా?"

"ఒక్క రాత్రి, అత్తమ్మా."

"ఎనిమిది దినాలు నానాలె. పచ్చిది పూస్తే గిట్లనే పేలుతది. గంత సదువు సదివినవ్, గిది సెప్పలేదా మీ కాలేజీల?"

చెప్పలేదన్నాడు. లోపలికి వెళ్లి, కూతురి లంగాలు రెండు మడిచి మూట కట్టడం మొదలుపెట్టాడు. బొబ్బలెక్కిన వేళ్లకు ముడి పడటం లేదు. నర్సమ్మ ఆ చేతిని పట్టుకుని చూసింది. దీపం దగ్గరి నూనె తెచ్చి రాసింది.

"మూట ఇప్పు. నేను గిప్పుడు పోతే ఇద్దరు పిల్లలను ఇడిసిపెట్టి పోయినట్టయితది."

బండి తోలే పర్వతాలుతో ఎడ్లను తోలుకుపొమ్మంది. మళ్లీ ఎప్పుడు రావాలని అతడడిగితే, సున్నం నానినంక రమ్మంది. పిల్ల మాట ఏమిటని రామనర్సయ్య అడగబోయాడు.

"పిల్ల ఈడనే ఉంటది. నేనే వచ్చిపోత. నువ్వు మాత్రం ఇగ సున్నం ముట్టకు."

పండుగ పూట గోడలు గజ్జి పట్టినట్టే ఉంటాయని ఆయనకు తెలుసు. అంత తిరిగీ, చెయ్యి కాల్చుకునీ ఇంతేనా అని ఉక్రోషంగా ఉంది. చీకటిపడేదాకా పెళ్లలు గీకుతూనే ఉన్నాడు. చాలించమంది నర్సమ్మ. నిద్రపోయిన జంగమ్మ చాపను ఆమే గోడ నుంచి దూరంగా జరిపి, జుట్టులోని తెల్లని పొట్టు దులిపి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూసింది.