రెండో బ్రేకు

అనుమానపడటమే నా ఉద్యోగం. దానికి నాకు జీతం కూడా ఇస్తారు. దెబ్బతిన్న కార్లు చూసి, ఆ దెబ్బ తగిలిందా, తగిలించుకున్నారా అని తేల్చి ఇన్సూరెన్సు కంపెనీకి రాసివ్వాలి. ఇరవై రెండేళ్ళుగా జనం నా ముందు నిలబడి, చెట్టే అడ్డం వచ్చిందన్నట్టు చెబుతుంటారు. నేను బంపరు కిందకి వంగి చూస్తూ "ఊఁ" అంటుంటాను. అనుమానం పెనుభూతం అంటారు కదా, మా ఇంట్లో ఆ భూతం వంట కూడా చేస్తుందంటాడు మా ఆయన. ఉప్పు డబ్బాలో ఉన్నది ఉప్పేనా అని నాలిక మీద వేసుకుని చూడందే కూరలో వెయ్యను మరి.

అలాంటిదాన్ని, కంటి డాక్టరు మాటను మాత్రం మారుమాట లేకుండా నమ్మాల్సి వచ్చింది. ఇంకో ఇద్దరు డాక్టర్లకు చూపించాకే అనుకోండి. ముగ్గురూ ఒకటే చెప్పారు. "ఇప్పటికైతే మీ నాన్నగారు పగటిపూట కారు నడపొచ్చు. మూడు నెలలు పోతే నడపలేరు. ఆ తర్వాత వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే."

మా నాన్న డ్రైవింగు స్కూలు మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కారులో ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పాడు. గుండ్రటి దీపాలు, ఎత్తు కప్పు ఉన్న పాతకాలం నీలం కారు. స్కూలు మూసేశాక పన్నెండేళ్ళుగా అది ఇంటి పక్క షెడ్డులోనే ఉంది. ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి, అందులో పక్క సీట్లో కూర్చుని పేపరు చదువుకుని వచ్చేవాడు. స్టీరింగు అడ్డం లేకుండా పేపరు విప్పుకోవడానికని నేననుకునేదాన్ని. ఈమధ్య పేపరు లేకుండానే వెళ్ళి కూర్చుంటున్నాడు. కిటికీలోంచి అది చూసిన రోజు నాకు ఏడుపు ఆగలేదు. చూపు పోయేలోగా ఆయన ఒక్కసారైనా అలాంటి కారు నడపాలి. అదొక్కటే పట్టుకున్నాను.

దారులు రెండే. ఉన్న కారు బాగుచేయించాలి, లేదా బాగున్నది ఇంకోటి వెతికి కొనాలి.

ముందు బాగుచేయించాలనే అనుకుని, కారును లాగించి రేపు బాబాయి షెడ్డుకి చేర్చాను. ఆయన మెకానిక్కు, నాన్నకి పాత స్నేహితుడు. ఏం అడిగినా "రేపు" అంటాడు కాబట్టి అసలు పేరు ఊరు మర్చిపోయింది. వారం తర్వాత వెళ్ళి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

"పద్దెనిమిది నెలలు" అన్నాడు.

జన్మలో రేపు తప్ప ఇంకో గడువు చెప్పని మనిషి లెక్కగా పద్దెనిమిది నెలలు అంటే ఎవరికైనా అనుమానం రాదూ?

"అంత పనేముంది బాబాయ్?"

"నేల రేకు చేత్తో పీకితే వస్తోందమ్మాయ్. తలుపుల కింద రేకు పొడైపోయింది. ఇలాంటిదే ఇంకో బండి దొరికితే, దాని రేకు కోసి దీనికి అతికిస్తా. అప్పుడు ఆర్నెల్లు."

మూడు నెలల చూపుకి ఆర్నెల్ల పని. పైగా ఈయన పనిని సాగదీస్తున్నాడేమోనన్న గుబులు. అప్పుడే ఒక ప్రకటన కంటబడింది. అదే రకం కారు, మీగడ రంగు, నడుస్తున్న స్థితిలో ఉంది. ధర చూస్తే కొత్త స్కూటరు ధర కంటే కాస్త ఎక్కువ, అంతే. పైన పటారం, లోన లొటారం అనుకున్నాను. అయినా అయస్కాంతం, టార్చి సంచిలో వేసుకుని బయల్దేరాను.

అమ్మేది ఒక రిటైరైన నర్సు. ఇంటి ముందు సిమెంటు నేల మీద కారు కడిగి పెట్టి ఉంది. కడిగిన కారంటే నాకు గిట్టదు. దుమ్ము నిజం చెబుతుంది, నీళ్ళు దాన్ని కడిగేస్తాయి. వేలి కణుపుతో తలుపులన్నీ తట్టాను. రేకైతే టంగుమంటుంది, లోపల లప్పం పూసి ఉంటే దబ్బుమంటుంది. అన్నీ టంగుమన్నాయి. అయస్కాంతం పెట్టిన ప్రతిచోటా అతుక్కుంది.

"ఇంత చవగ్గా ఎందుకు ఇచ్చేస్తున్నారండీ?"

"ఇంజను దీనిది కాదమ్మా, వేరే బండిది. సీట్లకి వేసింది మా ఇంటి కర్టెన్ల గుడ్డ. పాత కార్ల పోటీలకి పనికిరాదు. కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొస్తుంది" అందావిడ.

చిన్న తప్పు తనంతట తాను ఒప్పుకునేవాళ్ళు పెద్దది దాస్తారని నా ఉద్యోగం నేర్పింది. రెండోసారి వెళ్ళి, ఇది వరదలో మునిగిన బండేమోనని సీట్ల కింద తివాచీ ఎత్తి వాసన చూశాను. నాఫ్తలీను ఉండల వాసన వచ్చింది. మూడోసారి వెళ్ళి, కాగితాల మీద నంబర్లూ ఇనుము మీద నంబర్లూ భూతద్దంతో పోల్చాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, చివరికి నాకు దొరికిన లోపం వైపరు కాస్త కీచుమనడం. ఏ తప్పూ దొరక్కపోవడం నాకు మరీ అనుమానంగా ఉంది. అప్పటికి మూడు వారాలు గడిచిపోయాయి.

నర్సుగారు మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"మూడుసార్లు వచ్చావు. దీని పొట్టా వీపూ పళ్ళూ అన్నీ చూశావు. ఒక్కసారైనా నడిపి చూస్తానన్నావా?"

"నడిపేది నేను కాదండీ, మా నాన్న."

"మరి ఆయన ఏడి? నీకంటే ముందు ఇద్దరు వచ్చారు. అడిగినదానికంటే ఎక్కువిస్తామన్నారు. కొనేది విప్పి సామాన్లు వేరే కారుకి వేసుకోవడానికని తెలిసి పొమ్మన్నాను. నిన్ను చూసినా నాకు అలాగే అనిపిస్తోంది. ఏ ముక్క ఎంత గట్టిగా ఉందో చూసుకుంటున్నావు."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. రేకు కోసి అతికిద్దామన్న రేపు బాబాయి మాట నా బుర్రలో లేకపోలేదు. నన్ను నిలబెట్టి అనుమానించినవాళ్ళు ఇన్నేళ్ళలో ఈవిడే మొదలు. ఒళ్ళు మండింది. నాన్నని తీసుకొస్తానని చెప్పి వచ్చేశాను.

ఆ మంట చల్లారక, దారిలోనే రేపు బాబాయి షెడ్డు దగ్గర ఆగాను. నేల రేకు సంగతి నిజమో కాదో ఈరోజు తేల్చెయ్యాలి. ఆయన టీ తాగుతుంటే చెప్పాపెట్టకుండా నీలం కారు కిందకి దూరాను. టార్చి వేస్తే పై కప్పు దాకా కనిపించింది. మధ్యలో నేలంటూ ఉంటేగా. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

తుప్పు పట్టనిది ఒక్కటే కనిపించింది, రెండో బ్రేకు. డ్రైవింగు నేర్పే కార్లలో మాస్టారు కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు దాన్ని తొక్కుతాడు. ఒక కడ్డీ దాన్ని అసలు బ్రేకుకి కలుపుతుంది, ఒక పిన్ను ఆ కడ్డీని పట్టి ఉంచుతుంది.

నాన్నకీ నాకూ చెడింది ఆ బ్రేకు దగ్గరే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన దగ్గర పదకొండు రోజులు నేర్చుకున్నాను. కారు ఎక్కడ చక్కగా ఆగినా అది నేను ఆపినట్టు అనిపించేది కాదు. "నువ్వే తొక్కావు" అనేదాన్ని. "నేను తొక్కలేదు" అనేవాడు. పదకొండో రోజు ఒక కుక్క అడ్డం వచ్చింది. దానికి జానెడు దూరంలో కారు ఆగింది. "చూశావా, మళ్ళీ నువ్వే తొక్కావు" అని తాళం చెవి విసిరికొట్టి, నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాను. తర్వాత వేరే స్కూల్లో నేర్చుకున్నాను. ఆ సంగతి మళ్ళీ ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇరవై ఏడేళ్ళు.

ఇప్పుడు టార్చి వెలుగులో కడ్డీ ఉంది, పిన్ను లేదు. పిన్ను ఉండాల్సిన కన్నం అంచున గీతలున్నాయి. బాబాయి సామాన్లు మెల్లగా అమ్ముకుంటున్నాడన్నమాట అనుకుని బయటికి వచ్చాను.

"పిన్ను ఏది బాబాయ్?"

ఆయన గ్లాసు కింద పెట్టి, అలమరాలోంచి రేకు డబ్బా తీసి, వేలెడంత పిన్ను నా చేతిలో పెట్టాడు. దాని తలకి జిడ్డుతో నల్లబడిన దారం ముడివేసి ఉంది.

"నిన్న ఊడదీశా. పారేద్దామంటే చెయ్యి రాలేదు."

"ఈ దారం ఏంటి?"

"లాగితే ఊడి రావడానికి. నీ కోసమే కట్టాం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మొదటిరోజు నువ్వు గొడవ చేశావు చూడూ, ఆ మర్నాడు మీ నాన్న పొద్దున్నే వచ్చాడు. అప్పట్నుంచి నీ వంతు ముందు దారం పట్టి పిన్ను లాగేసేవాడు, నువ్వు దిగాక మళ్ళీ పెట్టేవాడు. ఆ పదిరోజులూ ఆయన కాలికింద ఉన్నది ఉత్త పెడలే. పిల్ల ఏ గోడకో కొడితే ఎలా మాస్టారూ అంటే, గోడకి కొడితే నువ్వున్నావుగా బాగుచెయ్యడానికి అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగా, పిన్ను చూపించెయ్యొచ్చుగా అని. 'తొక్కలేదని నోటితో చెప్పా. కన్నకూతురికి సాక్ష్యం కూడా చూపించాలా?' అన్నాడు. ఆయనకీ పొగరే. మరి నీకెక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్?"

అప్పుడు కూడా నేను అబద్ధం కోసమే వెతికాను. మళ్ళీ కిందకి దూరి చూశాను. కన్నం అంచున గీతలు ఒకవైపే ఉన్నాయి, దారం లాగే వైపు. కుక్క ముందు కారు ఆపింది నేనే. సిగ్గుతో కాసేపు ఆ కారు కిందే పడుకుండిపోయాను. "బతికే ఉన్నావా?" అని రేపు బాబాయి నా చెప్పు మీద తట్టాడు.

మర్నాడు నాన్నని నర్సుగారింటికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి, కారు చుట్టూ నిమురుతూ నడిచాడు. నేను డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన నన్ను దాటుకుని అవతలికి వెళ్ళి, పక్క సీట్లో కూర్చున్నాడు.

"నాన్నా, ఇటు. నడిపేది నువ్వు."

"నేనా?" ఆయనకి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "నాకేం సరదా? ముప్పై ఏళ్ళలో ఆ సీట్లో కూర్చుంది పెట్రోలు కొట్టించడానికే. నా చోటు ఇది." ఆయన పాదం ముందుకి జరిగి, తివాచీని అటూ ఇటూ తడిమి ఆగింది. "బండి బాగుంది. ఇక్కడే ఖాళీగా ఉంది."

ముగ్గురు డాక్టర్లు, మూడు వారాలు, ఒక భూతద్దం. ఏ సీటు కావాలని మాత్రం ఆయన్ని అడగలేదు నేను. సంచిలోంచి పిన్ను తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్ళతో దారం తడిమి చూశాడు.

"చెప్పేశాడా వాడు?"

"చెప్పాడు."

"రేపు చెబుతా, రేపు చెబుతా అని ఇరవై ఏడేళ్ళు ఆగాడు. పోనీలే."

"నేను నమ్మాల్సింది నాన్నా."

 ఆయన చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. నర్సుగారు మెట్ల మీంచి లేచి తాళం చెవి తెచ్చి నాకిచ్చింది.

పాత నీలం కారులోంచి తీసిన రెండో బ్రేకు మీగడ రంగు కారులోకి మారింది. రేపు చేస్తానన్నాడు బాబాయి, చిత్రంగా మర్నాడే చేసేశాడు. చివర్లో పిన్ను పట్టుకుని నన్ను పక్కకి పిలిచాడు.

"పెట్టనా, వద్దా? మాస్టారికి చూపు అంతంతమాత్రం. ఎక్కడపడితే అక్కడ తొక్కేస్తాడు. ఉత్త పెడలు ఉంచేస్తే ఆయనకి తెలీదు."

సగం చూపు మనిషి కాలికింద పనిచేసే బ్రేకు. ఇలాంటి కారు నా ముందుకి వస్తే ఒక్క రూపాయి ఇవ్వొద్దని రాసి పంపేదాన్ని.

"పెట్టు బాబాయ్" అన్నాను.

ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద బయల్దేరాం. "క్లచ్చు మెల్లగా వదులు, దానికేం తొందర లేదు" అన్నాడు నాన్న, నాకింకా పద్దెనిమిదే అన్నట్టు. మలుపు తిరగగానే ఒక సైకిలు అడ్డం వచ్చింది. కారు కుదుపు లేకుండా ఆగింది. సైకిలు వెళ్ళిపోయింది. నాన్న కాలి వైపు చూడాలని తల సగం తిప్పి, మళ్ళీ రోడ్డు వైపు తిప్పుకున్నాను. ఎవరు తొక్కారో నేను అడగలేదు.