పాలగ్లాసు అడుగున పుప్పొడి

తేనెపెట్టె ముందు మళ్ళీ ఈగలు చచ్చి రాలి ఉన్నాయి. ఆమె వాటిని అరచేతిలోకి ఊడ్చుకుని భర్త మంచం దగ్గరికి పరుగెత్తింది. కాలూ చెయ్యీ పడిపోకముందు తేనెటీగల పనంతా ఆయనదే. ఇప్పుడు ఆరు పెట్టెల్లో మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఇక ఏమీ లేదు.

"ఏవండీ, ఎవరైనా చేలల్లో మందు కొట్టారంటారా?"

ఆయన బాగున్న చేత్తో ఒక ఈగను తిరగేశాడు. ఒంటిమీద నూగు లేదు. నల్లగా మెరుస్తోంది. రెక్కల అంచులు చిరిగాయి.

"మందు కాదే. ముసలితనం."

"ముసలితనమా! మొన్నేగా పుట్టాయి. పట్టులో గదులు కొరుక్కుని బయటికొస్తుంటే కళ్ళారా చూశాను."

"దీని వీపు నా బట్టతలకంటే నున్నగా ఉంది. ఏం పెడుతున్నావు వీటికి?"

"వానలకి పూలు తక్కువని రోజూ పంచదార పాకం పోస్తున్నా. కన్నబిడ్డలకి కూడా ఇంత చెయ్యలేదు."

"పాకంతో కడుపు నిండుతుంది, ఒళ్ళు నిలవదు. పడుచు ఈగలు పుప్పొడి తింటేనే పిల్లపురుగులకి పాలు పట్టగలవు. అది లేకపోతే ఈడు రాకముందే బయటి తిరుగుళ్ళకి పోయి, ముసలివై రాలిపోతాయి. పుప్పొడి తెస్తున్నాయా లేదా?"

తెస్తూనే ఉన్నాయి. కానీ పెట్టె గుమ్మానికి ఆమె జాలీ బిగించింది. ఆ ఇరుకు కన్నాల్లోంచి దూరేటప్పుడు కాళ్ళకున్న పుప్పొడి ఉండలు కింది అరలో రాలిపోతాయి. కాసేపు ఉంచి తీసెయ్యాల్సిన జాలీ అది. ఆమె తియ్యనే లేదు.

ఆయన చూపు మంచం పక్కన సగం తాగి పెట్టిన పాలగ్లాసు మీద పడింది. గాజులోంచి అడుగున పసుప్పచ్చటి పొడి కనిపిస్తోంది.

"బలం మందన్నావు కదే."

"బలమేగా. మీరు లేచి తిరగాలని..."

"ఒసేయ్ పిచ్చిదానా! వాటి నోటి దగ్గరి కూడు నాకు పోశావా?"

ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి జాలీ పీకేసింది. డబ్బాలో మిగిలిన పుప్పొడినంతా పాకంతో ముద్ద కలిపి పెట్టెలో పట్టు చట్రాల మీద పెట్టింది. గదుల్లో పిల్లపురుగులు ఎండిపోయి ఉన్నాయి. రాణి ఈగ వాటి మీద ఒంటరిగా తిరుగుతోంది. చుట్టూ గుప్పెడు ఈగలు కూడా లేవు.

"తింటున్నాయా?" లోపల్నుంచి ఆయన కేకేశాడు.

ఒక ఈగ ముద్దమీదికెక్కింది. మీసాలతో తడిమింది. దిగిపోయింది.

"తింటున్నాయండీ! ఎగబడి తింటున్నాయి. మీరు పాలు తాగండి."

గ్లాసు ఎత్తిన చప్పుడు వస్తుందేమోనని ఆమె చెవి ఒగ్గింది. రాలేదు. పెట్టె మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.