ఊపకూడని సీసా

నేను ఒక చిటికెన వేలంత గాజు సీసాను. నెత్తిన నీలం మూత. ఒంటి మీద చీమల్లాంటి అక్షరాలు. వాటిలో ఎర్రగా కనిపించే మాట ఒకటుంది, కుదపరాదని. అది ఇంగ్లీషులో ఉంది. నా కథంతా అక్కడే మలుపు తిరిగింది.

కొలిమిలో పుట్టాను. తర్వాత, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా బట్టలు చుట్టుకున్న మనుషులు నన్ను కడిగి మందు నింపారు. తమ ఊపిరి నాకెక్కడ సోకుతుందోనని వాళ్ల భయం. మనిషి తన ఊపిరికి తానే భయపడటం అక్కడే చూశాను.

నాలోని మందు పాలు కలిపిన నీళ్లలా ఉంటుంది. అందులో కోట్లాది కొవ్వు గుళికలు. వెంట్రుక మందాన ఎనిమిది వందలు వరసగా నిలబడతాయి. నానో అంటారు. ఒక్కో గుళిక కడుపులో రెండు మందులు. విడిగా ఇస్తే తలో దారి పడతాయట. ఒకే గుళికలో పెడితే కలిసి వెళ్లి కలిసి దిగుతాయి.

వాటి పనేమిటో ఆసుపత్రికి చేరాక తెలిసింది. బీరయ్యది పాలమూరు వైపు. అరవై ఏళ్ల గొర్రెల కాపరి. క్లోమంలో నిమ్మకాయంత క్యాన్సర్ గడ్డ. పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని ఉంది కాబట్టి కత్తి పెట్టలేరు. మామూలు మందులకు లొంగలేదు. అందుకే కొత్త మందు పరీక్షలో పేరు రాశారు. ఆ గడ్డ మేకవన్నె పులి అని డాక్టరు చెప్పాడు. మందలో కలిసి పడుకుంది. ఒంట్లోని కాపలా కుక్కలు దాన్ని చూసి మొరగడం లేదు.

"అయితె ఈ మందు పులిని సంపుతదా సారూ?"

"చంపదు. కుక్కల్ని లేపుతుంది."

"లేస్తె సాలు," అన్నాడు బీరయ్య.

మొదటి సూది రోజున నర్సు సువార్త నన్ను ఫ్రిజ్‌లోంచి తీసి, చలి వదలాలని ట్రేలో పెట్టి, బీపీ మిషను కోసం వెళ్లింది. బీరయ్య నన్ను చూశాడు. నలభై ఏళ్లుగా గొర్రెలకు టీకాలేసిన మనిషి. ఆ సీసాలు ఊపకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. పాపం, నర్సమ్మ మరిచిపోయిందనుకున్నాడు. నన్ను పిడికిట పట్టి, పనితనంతో ఊపాడు. నాలో నురుగు లేచింది. గుళికలు పగిలాయి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. నురుగు దిగాక పైకి ఏమీ తెలియలేదు. ఎవరూ చూడలేదు కూడా.

సువార్త వచ్చి సిరంజి అందుకుంది.

"నువ్వు మర్శిపోయినవు గని బిడ్డా, నేను మంచిగ ఊపిన."

సువార్త చెయ్యి ఆగిపోయింది. స్టూలు మీద కూర్చుంది. తిట్టలేదు. ఆ మందు ఇక పనికిరాదని, ఇంకో సీసా వేరే ఊరి నుంచి రావాలని, ఐదు రోజుల్లో సూది పడకపోతే పరీక్ష నుంచి పేరు తీసేస్తారని మెల్లగా చెప్పింది. అప్పుడే లోపలికొచ్చిన బీరయ్య భార్య కొమురవ్వ అంతా విన్నది.

"కనవడ్డదల్ల ముట్టకని ముప్పయ్యేండ్ల సంది సెప్తున్న," అంది.

"గొర్లకైతె ఊపాలె," అన్నాడు బీరయ్య, నేల చూస్తూ.

నాలుగో రోజు మధ్యాహ్నం మంచుపెట్టెలో నా తోబుట్టువు దిగింది. ఈసారి బీరయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సూది పొడిచేందుకు సువార్త ఒక చెయ్యి అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

మర్నాటి పొద్దుటికి చలిజ్వరం. కొమురవ్వ భయపడింది. ఒళ్లు మేలుకుంటే ఇలాగే ఉండొచ్చు, కనిపెట్టి ఉంటామన్నాడు డాక్టరు. దుప్పట్లోంచి బీరయ్య గొంతు వినిపించింది.

"కుక్కలు లేసినయే."

నన్ను పారేయాల్సిందే, కానీ కొత్తవాళ్లకు చూపించడానికి పనికొస్తానని డాక్టరు అల్మారాలో ఉంచాడు. నా తోబుట్టువులు ఒక్కొక్కరే ఖాళీ అయి వెళ్లిపోయారు. నేను నిండుగానే ఉండి ఎవరికీ పనికిరాకుండా పోయాను. మొదట్లో చిన్నతనంగా ఉండేది.

మూడు నెలలకు గడ్డ కుంకుడుకాయంత అయింది. రక్తనాళాన్ని వదిలింది. పోయిందని డాక్టరు అనలేదు. ఇప్పుడు కత్తికి అందుతుందన్నాడు.

ఆపరేషన్ ముందురోజు బీరయ్య వచ్చాడు. కొత్తగా చేరిన రైతొకడు ట్రేలోని సీసా మీదికి చెయ్యి చాపుతున్నాడు.

"ఆగు తమ్మీ. అది గొర్ల మందు కాదు."

అల్మారాలోంచి నన్ను తీసి, అడుగున పేరుకున్న తెల్లటి ముద్ద కనపడేలా వెలుతురుకు పట్టాడు. నలభై ఏళ్లు సీసాలు ఊపిన చెయ్యి అది. నాలో చుక్క కదల్లేదు.