తెలియనప్పుడు

ఆరిన బట్టలు మడతపెడుతుంటే, భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "గేటు దగ్గర పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని పట్టుకున్నారట. పొద్దుట్నుంచీ గ్రూపులో తిరుగుతున్న ఫొటోలోదేనట."

ఆమె ఫొటో చూసి, బాల్కనీలోంచి తొంగిచూసింది. ముప్పైమంది మధ్య ఒక ముసలామె, చంకలో నాలుగేళ్ళ పిల్ల. తనది పన్నెండేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. సీసా మీది పేరు రెండుసార్లు చూడందే రిపోర్టు రాయని మనిషి. అలవాటు కొద్దీ కళ్ళు వెతికాయి. ఫొటోలో మనిషి బుగ్గమీద పెద్ద మచ్చ. ఈమెకి లేదు. పిల్ల ఏడుస్తోంది గానీ, ముసలామె మెడలోనే మొహం దాచుకుంటోంది.

"ఏవండీ, ఈమె ఆమె కాదేమో."

"ఇంతమందికి కనబడనిది నీకొక్కదానికే కనబడిందా? నాలుగు సీసాలు కడిగి డాక్టరువైపోయావా?" చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

"మనకెందుకొచ్చిన గొడవ, తలుపేసుకో," అంది అత్తగారు.

ఆమె ఆలోచనకి ఈ ఇంట్లో పేరు 'ఎదురుచెప్పడం'. ఉప్పు వెయ్యడమే మర్చిపోయిన రోజున కూడా, కూర ఉప్పగా ఉందంటే తలూపింది. ఇప్పుడూ ఊపేస్తే సరిపోతుంది. ఒకవేళ నిజంగానే ఎత్తుకొచ్చిందేమో? అడ్డుపడితే ఏ తల్లి ఉసురో తగలదా? నాకు తెలియదు. కానీ వాళ్ళకీ తెలియదు. తెలియనప్పుడు చెయ్యెలా లేస్తుంది?

కింద ఎవరిదో చెయ్యి లేచింది. ఆ దెబ్బ చప్పుడు మూడో అంతస్తుకి వినబడింది.

పోలీసులకి ఫోన్ చేసి మెట్లు దిగింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ముసలామెనీ పిల్లనీ కలిపి వాటేసుకుంది.

"పోలీసులొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు!"

"ఇదీ దాని మనిషే!" ఎవరో అరిచారు. ఎవరిదో మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. ఎదురుగా భర్త. ఈవిడెవరో తెలియనట్టు చూపు తిప్పుకున్నాడు.

పావుగంటకి పోలీసులొచ్చారు. వాళ్ళ వెనకే, మెడలో ఆఫీసు కార్డుతో, పరుగెత్తుకుంటూ పిల్ల తల్లి. "అమ్మా!" అంటూ ముసలామె మీద పడి ఏడ్చింది. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

ఇంటికొచ్చాక భర్త అన్నాడు. "నీ అదృష్టం బాగుండి అమ్మమ్మే అయింది. నిజంగా దొంగదైతే మొహం ఎక్కడ పెట్టుకునేదానివి?"

ఆమె పెదవికి తడిగుడ్డ అద్దుకుంటోంది.

"దొంగదైనా అక్కడే నిలబడేదాన్ని," అంది.